పందెము వారిది, ప్రాణము పరులది



ఒక తప్పును ఒప్పుకొని ఈ వ్యాసమును ప్రారంభించుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట నాగేపల్లిలో ఒక పెండ్లి ఊరేగింపు జరుగుచుండగా ఈ వ్రాయువాడును అందులో ఉండెను. బంధువుల పిల్లవాడొకడు క్రొత్త మోటారు సైకిలుపై ఆలపల్లి వైపునుండి గాలివలె వచ్చి, ముందు చక్రమును పైకి లేపి, ఒంటి చక్రముపై మా యెదుటనుండి సాగిపోయెను. అతనితో పోటీపడుచు మరి యిద్దరు వెనుకనే దూసికొనిపోయిరి. ఊరేగింపులోని వారందరును చప్పట్లు కొట్టిరి. నేనును కొట్టితిని. సరిగా ఆ సమయముననే రోడ్డు అంచున కట్టెలమోపు నెత్తిన పెట్టుకొని వచ్చుచున్న ఒక వృద్ధురాలు బెదరి ప్రక్కనున్న గుంతలో పడెను. మోపు విడిపోయి కట్టెలు చెల్లాచెదరయ్యెను. దెబ్బ పెద్దది కాదు. కొందరు నవ్విరి కూడ. ఆమె మెల్లగా లేచి, కట్టెలు ఏరుకొనుచు, ఎవరి ముఖమును చూడకయే, "నడిచెటోళ్లకు గింత జాగ ఉంచుండ్రి, బిడ్డా" అనెను. అంతే.

ఆ ముసలమ్మ అడిగిన జాగ గురించియే ఈ వ్యాసము. మన ప్రాంతపు రోడ్లపై యువకులు మోటారు సైకిళ్లతో పందెములు వేయుట ఇప్పుడు వింత కాదు. జాతర సాయంకాలములందు, పెండ్లి రాత్రులందు, క్రొత్తగా తారు వేసిన ప్రతి నున్నని ముక్కపైన ఈ పందెములు కనబడుచున్నవి. ఒకడు పోవుట, ఒకడు వెంటాడుట, ఒకడు దానిని సెల్‌ఫోనులో చిత్రించి లోకమునకు చూపుట - ఇది నేటి వినోదము. దీనిని గూర్చి మన పెద్దలు రెండే మాటలు చెప్పుచున్నారు. కొందరు "కుర్రవాండ్రు గదా, పోనిండు" అనుచున్నారు. కొందరు "కాలము చెడినది" అని నిట్టూర్చి యింటికి పోవుచున్నారు. ఈ రెండు మాటలును తప్పించుకొను మాటలే.

ముందుగా యువకుల పక్షమున చెప్పవలసినది చెప్పుదము. వేగమునందు ఆనందము కలదు. దానిని కాదనువాడు ఎన్నడును యువకుడై యుండలేదు. చెవులలో గాలి హోరు, చేతిక్రింద యంత్రము గుండెవలె కొట్టుకొనుట, మలుపులో శరీరమును బండితోపాటు ప్రక్కకు వాల్చి మరల నిలుపుకొనుట - ఇవి నిజమైన సుఖములే, వీనిలో నేర్పును కలదు. పైగా మన అడవి తాలూకాలలో యువకునకు తన సాహసమును చూపుకొనుటకు చోట్లు తక్కువ. ఆటస్థలములు తక్కువ, ఉద్యోగములు మరియు తక్కువ. అట్టివాడు తన చేతికి వచ్చిన ఏకైక బలమైన వస్తువుతో లోకమునకు తన్ను చూపుకొనదలచుట ఆశ్చర్యము కాదు. కావున వేగము పాపమని గాని, మోటారు సైకిలు దుర్వ్యసనమని గాని మేము అనుటలేదు. మా వాదము ఒక్కటే: పందెము కాయని వాని ప్రాణమును పందెములో ఒడ్డుటకు ఎవనికిని హక్కు లేదు. ప్రజల రోడ్డుపై జరుగు ప్రతి పందెములోను ఒడ్డబడునది అదియే.

చదువుకొన్న యువకుడు వెంటనే ఒక ప్రశ్న వేయును. "ఇంగ్లండు ప్రక్కనున్న మాన్ ద్వీపములో నూరేండ్లకు పైగా ప్రజల రోడ్లపైననే మోటారు సైకిలు పందెములు జరుగుచున్నవి గదా? అక్కడ గొప్పయైనది ఇక్కడ నేరమెట్లగును?" అని. మంచి ప్రశ్న. సమాధానము చెప్పుదము. ఆ టీ.టీ. పందెములు 1907లో మొదలయినవి. 1911 నుండి కొండదారి వలయముపై జరుగుచున్నవి. ఆ వలయము పొడవు దాదాపు 60 కిలోమీటర్లు. మలుపులు రెండు వందలకు పైగా కలవు. 2023లో ఒక పందెగాడు గంటకు 219 కిలోమీటర్ల సగటు వేగముతో ఆ వలయమును చుట్టివచ్చెను. ఇదంతయు నిజమే. కాని అక్కడ పందెము నాడు ఏమి జరుగునో కూడ తెలిసికొనవలెను. ఆ ద్వీపపు శాసనసభ ప్రత్యేక చట్టము చేసి, పందెపు గంటలలో ఆ రోడ్లను ప్రజలకు మూసివేయించును. ఎదురు బండి ఉండదు. పశువు ఉండదు. బడికిపోవు పిల్ల ఉండదు. మలుపు మలుపునకు జెండాలు పట్టుకొని కాపలాదారులు నిలుచుందురు. వైద్యులతో హెలికాప్టరు సిద్ధముగ ఉండును. బ్రిటనులో ప్రజల రోడ్లపై పందెములకు చట్టము ఒప్పుకొననందువలననే పందెగాండ్రు సముద్రము దాటి ఆ చిన్న ద్వీపమునకు పోయిరి.

ఇన్ని ఏర్పాట్లు ఉండియు ఫలితమేమి? ఆ కొండదారి వలయము ఇప్పటికి 260 మందికి పైగా పందెగాండ్రను పొట్టనబెట్టుకొన్నది. 2022లో ఒక్క టీ.టీ. పోటీలలోనే ఆరుగురు మరణించిరి. పదునైదు సార్లు ప్రపంచ విజేతయైన ఇటలీ వీరుడు జాకొమో అగొస్తీని ఆ ద్వీపములో పది పందెములు గెలిచినవాడు. 1972లో తన తోటి పందెగాడు జిల్బెర్తో పార్లొత్తి అక్కడ మరణించగా, అగొస్తీని ఆ వలయముపై ఇక పోటీ చేయనని మానుకొనెను. ఆయనను పిరికివాడని ఎవడనగలడు? 1976 తరువాత ఆ పందెమునకు ప్రపంచ విజేతల పోటీలో స్థానమే లేకపోయెను. అనగా, ప్రపంచములో అందరికంటె నేర్పరులు, అందరికంటె మంచి యంత్రములతో, మూసివేసిన రోడ్డుపై పోయినను మృత్యువు తప్పలేదు. మన పిల్లవాడు తెరచియున్న రోడ్డుపై, అరిగిన టైరుతో, తలకు రుమాలు చుట్టుకొని పోవుచున్నాడు.

ఐరోపా ఈ పాఠమును రక్తముతో నేర్చుకొన్నది. 1903 మే 24వ తేదీన పారిస్ నుండి మాడ్రిడ్‌కు మోటారు పందెము ప్రారంభమాయెను. దారి పొడవునను గ్రామగ్రామమున ప్రజలు రోడ్డు మీదికి వచ్చి చూచిరి. ధూళి కమ్మిన ఆ దారిపై పందెగాండ్రును, చూడవచ్చినవారును మరణించిరి. ప్రసిద్ధ మోటారు నిర్మాతల కుటుంబమునకు చెందిన మార్సెల్ రెనో వారిలో ఒకడు. ఫ్రెంచి ప్రభుత్వము పందెమును బోర్డో పట్టణముననే ఆపివేసెను. అయినను లోకము మరచెను. 1957 మే 12వ తేదీన ఇటలీలో మిల్లే మిలియా అను వేయి మైళ్ల కార్ల పందెము జరుగుచుండగా గ్విదిజ్జోలో అను గ్రామము దగ్గర ఒక కారు టైరు పగిలెను. కారులోని ఇద్దరే కాక, రోడ్డు ప్రక్కన నిలిచి చూచుచున్న తొమ్మండుగురు మరణించిరి. ఆ తొమ్మండుగురిలో ఐదుగురు పిల్లలు. ఆ పందెము ఆ రూపమున మరల జరుగలేదు.

ఈ ఐదుగురు పిల్లలను మనము జ్ఞాపకముంచుకొనవలెను. వారు పందెము వేయలేదు. ఊరిమీదుగా వేగము పోవుచుండగా చూచుటకు వచ్చిరి. మన ఊరేగింపులలో ముందు వరుసలో నిలిచి కేరింతలు కొట్టునదియు పిల్లలే గదా!

దూరదేశముల మాట చాలును. మన తెలుగు నేలకే వత్తము. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగరు గట్టున విద్యుత్ కార్ల పందెము జరిగెను. అదియు నగరపు రోడ్డే. కాని ఆ చిన్న వలయము కొరకు రోడ్లను మూసివేసిరి. ఇరువైపుల కాంక్రీటు గోడలు నిలిపి, వానిపై తీగకంచెలు బిగించిరి. రాకపోకలు నిలిచినవని నగరవాసులు కొందరు విసుగుకొనిరి. ఆ విసుగు న్యాయమైనదే కావచ్చును. కాని పందెమునకు నిజముగ ఎంత ఏర్పాటు కావలెనో ఆ గోడలను చూచినవారికి తెలిసియుండును.

అదే హైదరాబాదులో 2011 సెప్టెంబరు 11వ తేదీ ఆదివారమునాడు మరియొకటి జరిగెను. క్రికెట్ జట్టు మాజీ నాయకుడు మహమ్మద్ అజహరుద్దీన్ కుమారుడు, 19 ఏండ్ల అయాజుద్దీన్, వేయి సీ.సీ. శక్తిగల మోటారు సైకిలుపై, ద్విచక్ర వాహనములకు ప్రవేశము లేని బాహ్యవలయ రహదారిపై పోవుచు పుప్పాలగూడ దగ్గర ప్రమాదమునకు గురియయ్యెను. వెంటనున్న బంధువుల బాలుడు, ఇంకను పదహారేండ్ల వాడు, ఆనాడే మరణించెను. అయాజుద్దీన్ ఐదు దినములు నగరములోని పెద్ద ఆసుపత్రిలో మృత్యువుతో పోరాడి 16వ తేదీన కన్ను మూసెను. అక్కడ ధనమునకు కొరత లేదు, పలుకుబడికి కొరత లేదు, వైద్యమునకు కొరత లేదు. ఆ వేగమునకు ఇవేవియు అడ్డుపడలేకపోయినవి. పుత్రశోకమున ఉన్న తండ్రిని వేలెత్తి చూపుటకు దీనిని వ్రాయుటలేదు. ఆ తండ్రికి ఉన్నవి మనకు లేవని జ్ఞాపకము చేయుటకు వ్రాయుచున్నాము.

మరి మన రోడ్డు ఎట్టిది? నాగేపల్లి ఆలపల్లిని ఆనుకొని, అహేరీ పోవు దారిలో ఉన్నది. ఆలపల్లి కూడలిలో సిరొంచ, అహేరీ, ఏటాపల్లి, భామ్రాగఢ్, ఆష్టి దారులు కలిసికొనుచున్నవి. సూర్జాగఢ్ ఇనుపరాతి లారీలు ఈ కూడలి మీదుగానే పోవుచున్నవి. సిరొంచ వైపున గోదావరి ఇసుక లారీలు. ఈ రోడ్డుపై తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరుటకు పోవు స్త్రీలు, వేసవిలో తునికాకు కట్టలు మోసికొని వచ్చు కుటుంబములు, సైకిళ్లపై బడికి పోవు బాలికలు ఉందురు. కోతల తరువాత రోడ్డు అంచుననే వడ్లు ఆరబోయుదురు. రాత్రివేళ ఆవులును ఎద్దులును వెచ్చదనము కొరకు తారుమీదనే పండుకొనును. అడవినుండి పందియో జింకయో హఠాత్తుగా అడ్డము వచ్చును. వీరిలో ఎవరును పందెమునకు సమ్మతించలేదు. వీరందరును పందెపు మైదానములోనే ఉన్నారు.

"మా బండికి మంచి బ్రేకులున్నవి, ఆపగలము" అను మాటకు లెక్కయే జవాబు చెప్పును. ముందు అడ్డము కనబడిన క్షణమునుండి చేయి బ్రేకుపై బిగియుటకు దాదాపు ఒక సెకను పట్టును. గంటకు 60 కిలోమీటర్ల వేగములో ఆ సెకనులోనే బండి 17 మీటర్లు పోవును. ఆగుటకు మరి 23 మీటర్లు కావలెను. మొత్తము 40. గంటకు 100 అయినచో మొత్తము 90 మీటర్లు దాటును. 120 అయినచో 125 మీటర్లు. ఇది ఎండిన మంచి రోడ్డుపై, క్రొత్త టైరుతో, నేర్పరి చేతిలో మాట. రాత్రి దగ్గరి దీపము వెలుగు యాభై మీటర్ల వరకు చూపుట కష్టము. అనగా వంద వేగముతో రాత్రి పోవువాడు తనకు కనబడని చోటులోనికి పోవుచున్నాడు. ఎద్దు కనబడునప్పటికే ఆలస్యమైనది.

ఇంకొక లెక్క. గంటకు 72 కిలోమీటర్ల వేగముతో పోవుచు గోడకో లారీకో కొట్టుకొనుట, ఇరువది మీటర్ల ఎత్తునుండి నేలపై పడుటతో సమానము. మంచి తాడిచెట్టు ఎత్తు అంత ఉండును. వంద వేగమైనచో రెండు తాడిచెట్లు ఒకదానిపై ఒకటి నిలిపి ఆ కొననుండి దూకినట్లు. కల్లుగీయువాడు తాడిచెట్టు ఎక్కునపుడు మోకు కట్టుకొనును. మన పిల్లవాడు హెల్మెట్టు కూడ పెట్టుకొనడు; జుట్టు చెదరునట!

ఈ మాట వట్టి బెదరింపు కాదు. కేంద్ర రవాణా శాఖ ప్రకటించిన లెక్కల ప్రకారము 2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అనగా దినమునకు 460 మందికి పైగా. వీరిలో 1,19,904 మంది మరణములకు అతివేగమే కారణముగ నమోదయినది. నూటికి దాదాపు నలుబదియైదుగురు ద్విచక్ర వాహనములపై పోవువారు. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది నడుపువారు కారు, వెనుక కూర్చున్నవారు. ఈ చివరి సంఖ్యను తల్లులును చెల్లెండ్రును చదువవలెను.

2021 సెప్టెంబరు 10వ తేదీన హైదరాబాదు తీగల వంతెన దగ్గరి రోడ్డుపై సినీనటుడు సాయిధరమ్ తేజ్ మోటారు సైకిలు జారి తీవ్రముగ గాయపడెను. అది పందెము కాదు. రోడ్డుపై ఇసుక ఉండెను. హెల్మెట్టు ధరించియుండుటయు, దగ్గరనే పెద్ద ఆసుపత్రులుండుటయు ఆయన ప్రాణమును కాపాడినవి. అయినను నెలకు పైగా ఆసుపత్రిలో ఉండవలసివచ్చెను. ఇసుక లారీలు తిరుగు సిరొంచ రోడ్డుపై అట్టి ఇసుక లేని దినమేది? మరి దగ్గరనే పెద్ద ఆసుపత్రి ఏది? జిల్లా కేంద్రమైన గడ్చిరోలి సిరొంచకు దాదాపు 200 కిలోమీటర్ల దూరము. తలలో రక్తము గడ్డకట్టినవానిని చంద్రపూరుకో, నాగపూరుకో, వరంగల్లుకో చేర్చవలెను. మొదటి గంటలో అందవలసిన వైద్యము మనకు మూడవ గంటలోనో ఐదవ గంటలోనో అందును. పట్టణములో కాలు విరుగు ప్రమాదము మన అడవిదారిలో ప్రాణము తీయును.

ఇక యువకులు చెప్పు రెండవ వాదము. "మీ తాతలు ఎడ్లపందెములు వేయలేదా? విదర్భలో నేటికిని శంకరపట్ జరుగుటలేదా? ఎద్దులతో పందెము సంప్రదాయమైనపుడు ఇంజనుతో పందెము నేరమా?" ఈ వాదములో బలము ఉన్నట్లు కనబడును, దగ్గరకు పోయి చూచినచో అది మా పక్షమునకే సాక్ష్యము చెప్పును. మన తాతలు ఎడ్లను పొలములో పరుగెత్తించిరి, సంతవీధిలో కాదు. పంట కోసిన చేనును చదునుచేసి, హద్దులు పాతి, చూచువారిని తాళ్ల వెనుక నిలిపిరి. పందెము ఫలానా నాడని ఊరంతటికిని చాటించిరి. ఎడ్లకు బాధ కలుగుచున్నదని 2014లో సుప్రీంకోర్టు ఆ పందెములనే నిషేధించెను. తరువాత రాష్ట్రములు క్రొత్త చట్టములు చేయగా, 2023 మే 18వ తేదీన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వానిని సమర్థించెను. నేడు కలెక్టరు అనుమతితో, నియమములతో అవి జరుగుచున్నవి. మూగజీవమునకు దెబ్బ తగులునేమోయని ఈ దేశము తొమ్మిదేండ్లు వాదించినది. కట్టెలమోపుతో నడచు ముసలమ్మకు ఆపాటి విచారణయైన వలదా?

మూడవ వాదము మొండివాదము. "నా ప్రాణము నా యిష్టము." నాయనా, నీ ప్రాణము నీ ఒక్కనిదే అయినచో నీ శవమును తెచ్చుటకు నలుగురు ఎందుకు పోవలెను? నీవు కాలు పోగొట్టుకొన్నచో నిన్ను మోయువారెవరు? నీ చెల్లెలి పెండ్లికి దాచిన సొమ్ము ఏ ఆసుపత్రిలో కట్టబడును? నీవు ఢీకొన్న సైకిలువాని పిల్లలకు అన్నము పెట్టువారెవరు? పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అను సామెత తెలుగువానికి ఎవరును నేర్పనక్కరలేదు. ఇక్కడ వింత ఏమనగా, పిల్లియు చచ్చుచున్నది, ఎలుకయు చచ్చుచున్నది. గట్టుమీద కూర్చున్నవారు చప్పట్లు కొట్టుచున్నారు.

ఈ గట్టుమీది వారిని గూర్చియే ఇప్పుడు కఠినముగ చెప్పవలసియున్నది. దోషమంతయు కుర్రవానిపై త్రోసివేయుట మనకు సులభము. బండి కొనిచ్చినది ఎవరు? పదవ తరగతి దాటకముందే తాళము చేతికిచ్చినది ఎవరు? "మావాడు ఆలపల్లినుండి సిరొంచకు గంటన్నరలో పోయినాడు" అని అరుగుపై కూర్చుండి గొప్పలు చెప్పుకొనునది ఎవరు? కట్నముక్రింద బండి అడుగుచున్న మామలును, హెల్మెట్టు మాత్రము అనవసరపు ఖర్చను తండ్రులును మనలోనే ఉన్నారు. పందెమునకు నూనె పోయుచున్నది మన సొమ్మే, గాలి కొట్టుచున్నది మన మెప్పే.

చట్టము కూడ ఈ సంగతిని గుర్తించినది. మోటారు వాహనముల చట్టము, 1988, 189వ సెక్షను ప్రకారము ప్రభుత్వపు వ్రాతపూర్వక అనుమతి లేక బహిరంగ స్థలమున వాహనముల పందెములో పాల్గొనువాడే కాక, దానిని అనుమతించువాడును నేరస్థుడే. 2019 సవరణ తరువాత మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జుల్మానా, లేదా రెండును. మరల చేసినచో ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జుల్మానా, లేదా రెండును. అదే సవరణ 199-ఏ సెక్షనును చేర్చినది. మైనరు బాలుడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకుడే, లేదా బండి యజమానియే దోషి. తనకు తెలియకుండ జరిగినదని గాని, తాను తగిన జాగ్రత్త పడితినని గాని రుజువు చేసికొనలేనిచో మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జుల్మానా. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దు. ఆ బాలునకు ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు రాదు. ఎవరైన మరణించినచో 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను క్రింద ఐదేండ్ల వరకు శిక్ష. బీమా ఉన్నది గదా యని ధైర్యపడువారికి ఒక మాట. లైసెన్సు లేనివాడు నడిపినపుడు బీమా కంపెనీ బాధితునకు సొమ్ము చెల్లించినను, న్యాయస్థానపు ఉత్తరువుపై దానిని బండి యజమానినుండి రాబట్టుకొనవచ్చును. ఒక సాయంకాలపు చప్పట్లకు రెండెకరముల పొలము పోవచ్చును.

నాల్గవ వాదము పెద్దలది. "రోడ్లే బాగులేవు. గుంతలు పూడ్చని ప్రభుత్వమును అడుగక పిల్లలను అడుగుదురేల?" ప్రభుత్వమును అడుగవలెను, ఆలపల్లి - సిరొంచ రోడ్డు దుస్థితిని గూర్చి ఎన్నిసార్లు ఎందరు మొరపెట్టుకొన్నారో మన పాఠకులకు తెలియును. కాని పందెము జరుగునది గుంతలపై కాదు, బాగుచేసిన ముక్కపైననే. ఇక్కడనే మన మనస్సు నొచ్చుచున్నది. మూడు తరములు మనము రోడ్డును అడిగితిమి. వానకాలమున వాగులు పొంగగా కాన్పు నొప్పులు పడు స్త్రీని మంచముపై మోసికొనిపోయిన దినములను మరచిన కుటుంబము ఈ తాలూకాలలో లేదు. అవతలి గట్టున అన్నదమ్ముల యింట శుభాశుభములకు పోవలెనన్న పడవకొరకు ఇసుకలో నిలిచిన దినములును మరువలేదు. ఈ కొద్ది సంవత్సరములలోనే గోదావరిపై కాళేశ్వరము దగ్గరను, ప్రాణహితపై సిరొంచ దగ్గరను, ఇంద్రావతిపై పాతాగూడెము దగ్గరను వంతెనలు వచ్చినవి. రోగికొరకు, బడిపిల్లకొరకు, చుట్టరికముకొరకు అడిగిన రోడ్డు ఇది. దీనిపై రోగి బండి ప్రక్కకు తొలగవలసివచ్చుటయు, బడిపిల్ల గుంతలో దిగవలసివచ్చుటయు మన మొరకే అవమానము.

ఏమి చేయవలెను? మొదటిది, ప్రతి యింటి పెద్దయు లైసెన్సు లేని పిల్లవానికి తాళము ఇవ్వరాదు. ఇది మన చేతిలోనిదే. ఏ ఉత్తరువును అక్కరలేదు. రెండవది, పెండ్లి ఊరేగింపులలో, జాతరలలో బండి విన్యాసములు మొదలైన వెంటనే బాజా ఆపించవలెను. చూచువారు లేని పందెమునకు ఆయువు లేదు. మూడవది, హెల్మెట్టును బండితోపాటే కొనవలెను, వెనుక కూర్చున్నవారికి కూడ ఒకటి. నాల్గవది, బడుల వద్దను ఊరి మొదటను వేగనిరోధకములు, రాత్రి కనబడు గుర్తులు, పోలీసు తనిఖీ కావలెనని పంచాయతులు తీర్మానించి పంపవలెను. హెచ్చరిక పలకలు మరాఠీతోపాటు తెలుగులోను, గోండీలోను ఉండవలెనని అడుగుట మన భాషాభిమానము మాత్రమే కాదు. ప్రమాద సూచన చదువువాని భాషలో ఉండవలెను. ఐదవది, యువకులకు ఆటస్థలము కావలెను. నిజముగ పందెపు నేర్పు కలవాడు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనో, కోయంబత్తూరులోనో ఉన్న పందెపు వలయములకు పోయి, తోలు దుస్తులు తొడుగుకొని, గురువు చెంత నేర్చుకొనవచ్చును. అక్కడ గెలిచి వచ్చినచో ఆ పిల్లవానిని నాగేపల్లి నడివీధిలో ఊరేగించుటకు అందరికంటె ముందు మేము వత్తుము. నడచియే వత్తుము.

మన ప్రాంతమువారు పితృకార్యములకు కాళేశ్వరము పోవుచుందురు. అక్కడ ఒకే పానవట్టముపై రెండు లింగములు, ఒకటి కాలునిది, ఒకటి ముక్తేశ్వరునిది. కొడుకు తండ్రి అస్థికలను ఆ సంగమమునకు తీసికొనిపోవుట లోకధర్మము. తండ్రి కొడుకు అస్థికలను తీసికొనిపోవుట ఏ ధర్మమును కాదు. క్రొత్త వంతెన ఆ ప్రయాణమును సులభము చేసినదని సంతోషించు దుర్దినము ఎవరికిని రాకుండుగాక.

ఆ ముసలమ్మ ఇప్పటికిని ఆ దారినే కట్టెలు మోయుచున్నదేమో తెలియదు. ఆనాడు మేము ఎవరమును ఆమె కట్టెలు ఏరి యివ్వలేదు. ఆమె అడిగినది పెద్ద కోరిక కాదు. రోడ్డు అంచున మూరెడు జాగ. దానిని ఇచ్చుట మన చేతిలో నున్నది. ఇకముందు బండి లేచినపుడు మన చేతులు లేవకుండుగాక.